గృహప్రదర్శనములు - జీర్ణగృహోద్ధారణము

జీర్ణోద్ధారణమను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. శిథిలమైన ఆలయమును, పూడిన చెఱువును, కూలిన సత్రమును మఱల నిలువబెట్టుట క్రొత్తదానిని కట్టించుటకంటె మిక్కిలి పుణ్యమని మనవారు చెప్పుచు వచ్చిరి. ఆలయముల విషయమున ఈ మాటను అందఱమును ఒప్పుకొందుము. మనము నివసించు ఇంటి విషయమున మాత్రము దానిని మఱచుచున్నాము. గోడ బీటవాఱినచో గోడను బాగుచేయింపక, ఇల్లే పడగొట్టుదమను ఆలోచన నేడు ఊరూర వినబడుచున్నది. ఇట్టి సమయమున పట్టణములందు జరుగు గృహప్రదర్శనములు మనకు మేలు చేయునా, కీడు చేయునా, అచ్చటికి పోయిన గ్రామీణుడు దేనిని చూడవలయును, ఏమని అడుగవలయును అను విషయమును గూర్చి నాకు తెలిసినంత వఱకు విన్నవించుకొందును.

మాది ద్రాక్షారామము. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో, గౌతమీతీరమునందలి కోటిపల్లికి చేరువనున్న ఊరు. పంచారామములలో నొకటియైన భీమేశ్వరాలయము తూర్పు చాళుక్యుల నాటినుండి అచ్చట నిలిచియున్నది. నేను బడిలో పాఠములు చెప్పుచున్న దినములలో మా ప్రాంతపు వీథులలో వరుసవరుసగా పెంకుటిండ్లు కనబడుచుండెడివి. నేడు వానిలో పెక్కు లేవు. పిల్లలు హైదరాబాదునందో, గల్ఫు దేశములందో, అమెరికాయందో ఉద్యోగములు చేయుచు, అచ్చటి ప్రదర్శనములలో చూచిన గదుల ఛాయాచిత్రములను ఫోనులో పంపి, "మన యింటిని ఇట్లు చేయింపుడు, డబ్బు మేము పంపెదము" అనుచున్నారు. డబ్బు వారిదే యైనను, ఆ యింటిలో వేసవిని, వానకాలమును గడపవలసినవారు పెద్దలు. కావున మంచిచెడ్డలు తెలిసికొనవలసిన భారము పెద్దలమీదనే యున్నది.

గృహప్రదర్శనమనగా నేమి? ఇల్లు కట్టుకొనుటకును, బాగుచేసికొనుటకును, అలంకరించుకొనుటకును వలయు వస్తువులను ఒక్క చోట చేర్చి ప్రజలకు చూపు సంత. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున, విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు రాకుమారుడు కూలిజనుల కొఱకు, నాలుగు కుటుంబములు కాపురముండదగిన యొక మాదిరి యింటిని కట్టించి చూపెను. దానిని రూపొందించినవాడు హెన్రీ రాబర్ట్సు అను వాస్తునిపుణుడు. ఆ గోడలకు లోపల బోలుగా నుండు ఇటుకలను వాడిరి. అట్టి గోడ తేమను లోనికి రానీయదు. మట్టియు తక్కువ పట్టును. ప్రదర్శనము ముగిసిన పిమ్మట దానిని విప్పి కెన్నింగ్టను అను చోట మఱల కట్టిరి. 1908లో అదే నగరమున డైలీ మెయిల్ అను దినపత్రికవారు ఐడియల్ హోమ్ అను పేర గృహప్రదర్శనమును ప్రారంభించిరి. మొదటిది పేదవానికి మంచి యిల్లు ఎట్లు కట్టవచ్చునో నేర్పుటకు కట్టినది. రెండవది పత్రికకు ప్రకటనలు తెచ్చుటకు పుట్టినది. నేటి ప్రదర్శనములయందు ఈ రెండును కలసియే యుండును. నేర్పుచున్నది ఏ భాగము, అమ్ముచున్నది ఏ భాగము అని వేఱుచేసి చూచుట చూచువాని పని.

తెలుగునాట ఇట్టి ప్రదర్శనములకు హైదరాబాదు ముఖ్యస్థానము. 1938లో పబ్లిక్ గార్డెన్సునందు ఆరంభమై, పిదప నాంపల్లి మైదానమునకు మాఱిన నుమాయిష్ అందఱెఱిగినదే. ఇండ్లు కట్టువారి సంఘములు విజయవాడ, విశాఖపట్నములందు కూడ ప్రదర్శనములు నడుపుచున్నవి. 2001లో ఏర్పడిన భారత హరితభవన మండలి, అనగా ఐ.జి.బి.సి., హైదరాబాదునందే ప్రధానస్థానము కలిగి, హరితగృహముల ప్రదర్శనములను జరుపుచున్నది. దానికి నెలవైన సోరాబ్జీ గోద్రెజ్ హరిత కేంద్రమును 2004లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాము గారు ప్రారంభించిరి. అమెరికా దేశపు హరితభవన పరీక్షలో ప్లాటినము అను మేటి తరగతిని ఆ దేశమునకు వెలుపల మొట్టమొదట పొందిన భవనమది. అంతటి భవనమున ఏమున్నది? నడుమ ఆకాశమునకు తెఱచిన గుండ్రని ముంగిలి యున్నది. గాలిని చల్లబఱచి లోనికి పంపు గోపురములున్నవి. ఎండను వడగట్టు జాలీగోడలున్నవి. ఈ మాట వినగానే మన పెద్దలకు తమ మండువా జ్ఞప్తికి రాకమానదు.

కావున ప్రదర్శనమునకు బయలుదేరుటకు ముందు మన యింటిని మనము ఒకసారి పరీక్షగా చూచుకొనవలయును. మండువా లోగిలియందు నాలుగు వైపుల కప్పులును లోనికి వాలి, వాననీరు నడుమ పడి, తూము గుండ పెరటికి పోవును. వేడెక్కిన గాలి ఆ తెఱపి నుండి పైకి పోవుచుండగా, వీథి వసారానుండియు పెరటి వసారానుండియు చల్లని గాలి లోనికి వచ్చును. మందపు గోడ పగటి వేడిని వెంటనే లోనికి దిగనీయదు. ముందుకు చాచిన చూరు గోడను జడివాన నుండి కాపాడును. ఎత్తైన అరుగు నీటిని గడపవఱకు రానీయదు. సముద్రతీరపు పల్లెలలోని చుట్టిల్లు గుండ్రముగా నుండుటకును కారణము గాలియే. మూలలు లేని గోడను గాలి ఒఱసికొని పోవును గాని పట్టి త్రోయజాలదు. వీనిని కట్టినవారు పెద్ద చదువులు చదివినవారు కారు. గాలివానలను, వరదలను చూచి నేర్చుకొన్నవారు.

ఆ గాలివానలును, వరదలును నేటికిని మనలను విడువలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ముంచిన తుపానును మఱచినవారుందురా? కొబ్బరితోటలు నేలకూలెను, ఇండ్ల కప్పులెగిరిపోయెను, వేయిమందికి పైగా మరణించిరి. 1986లోను, 2022లోను గోదావరి పొంగి లంకలలోని యిండ్లలో నీరు దినముల తరబడి నిలిచెను. ఢిల్లీలోనో, బెంగుళూరులోనో పొడినేలపై నిలుచు వస్తువు ఇచ్చట నిలువవలెనన్న నియమము లేదు. ప్రదర్శనమున చూచు ప్రతి వస్తువును మన నీటికిని, మన గాలికిని, మన యుప్పునకును ఒప్పునా యని విచారింపవలసియున్నది.

నేను ప్రదర్శనములలో అడుగు ప్రశ్నలు నాలుగు. ఈ వస్తువు ఎచ్చటినుండి వచ్చినది, దేనితో చేయబడినది? తడిసిన నేమగును? విఱిగినచో మా ఊరిలో బాగుచేయువాడెవడు? పనికిరానిదైన పిమ్మట ఎచ్చటికి పోవును? పర్యావరణమునకు హితమైనది అను బిరుదు ఎవరైనను తగిలించుకొనవచ్చును. ఈ నాలుగింటికి సమాధానము చెప్పగలిగినదే ఆ బిరుదునకు తగినది.

కొన్ని యేండ్ల క్రిందట నగరములోని యొక ప్రదర్శనమున, గోడలకు అతికించు పలకలను చూచితిని. టేకు చెక్కవలెనే నిగనిగలాడుచుండెను. అచ్చటి యువకుడు మర్యాదగా దగ్గఱకు వచ్చి, "మాస్టారండీ, ఇది పూర్తిగా ఎకో ఫ్రెండ్లీ అండీ, దీనికోసం ఒక్క చెట్టు కూడా కొట్టలేదండీ" అనెను. "దేనితో చేసిరి బాబూ?" అంటిని. ఱంపపు పొట్టును ప్లాస్టిక్కుతో కలిపి కరిగించి పోసినదట. "గోకుడు పడినచో మా వడ్రంగి చిత్రికపట్టవచ్చునా?" అంటిని. అతడు నవ్వి, "చిత్రికెందుకండీ, పాడైతే తీసి పారేసి కొత్తది వేయించుకోవచ్చండీ" అనెను. పాఱవేసినది ఏమగునని అడిగితిని. దానికతని యొద్ద జవాబు లేదు. అతని తప్పేమియు లేదు; అతనికి నేర్పినది అంతవఱకే. చెట్టు కొట్టలేదన్న మాట నిజమే. కాని పొట్టునుండి ప్లాస్టిక్కును మఱల వేఱుచేయుట సులభము కాదు. అది కుళ్ళదు, కాల్చిన విషపు పొగ వచ్చును. టేకు తలుపైనచో నూఱేండ్లు నిలిచి, పిదప బల్లయగును, బల్ల పోయి పీటయగును.

ఆ ప్రదర్శనముననే మఱియొక యంగడియందు పాత ద్వారబంధములు, నగిషీచెక్కిన గుంజలు, ఉయ్యాల బల్లలు అమ్మకమునకుండెను. మన పల్లెలలో ఇల్లు పడగొట్టినప్పుడు తూకమునకు అమ్మివేసినట్టి కొయ్యయే అది. నగరమున దానిని తుడిచి, నూనె రాచి, అలంకారవస్తువుగా నిలువబెట్టగా వచ్చినవారందఱును దానియొద్దనే నిలిచి ధర అడుగుచుండిరి. ఆ ప్రదర్శనమునందు నాకు తోచిన మిక్కిలి విలువైన పాఠమిది. భద్రాచలపు అడవులనుండి గోదావరిమీద తెప్పలుగా వచ్చిన టేకు మన యిండ్లలో ఇంకను మిగిలియున్నచో, దానిని విడిచి పలకలు కొనుట లాభమా?

ఇక ఒక్కొక్క వస్తువును గూర్చి చెప్పుదును. మొదట గోడ. పాత యిండ్ల గోడలు ఇటుకతోను గానుగ సున్నముతోను కట్టినవి. సున్నపుఱాతినిగాని గుల్లనుగాని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చగా సున్నమగును. కాల్చునప్పుడు వెలువడిన బొగ్గుపులుసు వాయువును, గోడమీద గట్టిపడునప్పుడు ఆ సున్నము గాలినుండి చాలవఱకు మఱల పీల్చుకొనును. సిమెంటునకు 1450 డిగ్రీల వేడి కావలయును. ప్రపంచమున మానవుల పనులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి సుమారు 8 వంతులు సిమెంటు పరిశ్రమవలననే వచ్చుచున్నది. ఇంకొక విశేషము: సున్నపు పూత తేమను లోన బంధింపక ఆవిరిగా వెలుపలికి పోనిచ్చును. పాత సున్నపు గోడమీద సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్కు రంగు వేసినచో నేలనుండి ఎక్కిన చెమ్మ లోననే యుండి, ఉప్పు పొంగి, పూత పొరలుపొరలుగా రాలును. గోడ పాతబడినందున పాడైనదని మనము తలచుచుందుము. దానికి ఊపిరాడక పాడైనది. పాత గోడకు పాత జాతి పూతయే హితము.

పూత విషయమున మన ప్రాచీనులు ఎంత శ్రద్ధ వహించిరో వరాహమిహిరుని బృహత్సంహిత చూచినవారికి తెలియును. ఆఱవ శతాబ్దమునాటి ఆ గ్రంథమున వజ్రలేపమను పూతను చేయు విధము చెప్పబడినది. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగు పూవులు మొదలగువానిని నీటిలో కాచి, ఆ కషాయమును ఇగిర్చి, అందు గుగ్గిలము మున్నగు జిగురులను కలుపవలయునట. మన తాతల నాటి మేస్త్రీలు సున్నములో కరకకాయ నీరును, బెల్లమును కలిపినదియు ఈ త్రోవలోని పనియే. నేడు మన గ్రామములందు గానుగ సున్నపు పని తెలిసిన మేస్త్రీలు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది యున్నారు. వారికి పని ఇచ్చినంత కాలమే ఆ విద్య నిలుచును. ఇల్లు బాగుచేయించు పెద్దమనిషి ఒక వృద్ధ మేస్త్రిని పిలిచి, అతని ప్రక్కన ఒక కుఱ్ఱవానిని నిలిపి పని చేయించినచో, ఇల్లును విద్యయు రెండును నిలుచును.

క్రొత్తగా గోడ కట్టవలసివచ్చినప్పుడు చూడదగినవి కొన్ని కలవు. ఆంగ్లేయుడుగా పుట్టి, తిరువనంతపురమున స్థిరపడి, 2007లో కీర్తిశేషుడైన లారీ బేకరు గారు ఇటుకలను బల్లపరుపుగా గాక అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ విడిచి గోడ కట్టించు పద్ధతిని మన దేశమున వ్యాపింపజేసిరి. దానిని ర్యాట్ ట్రాప్ బాండు, అనగా ఎలుకబోను కట్టు అందురు. గోడ మందము తగ్గదు గాని ఇటుకలు నాల్గింట నొక వంతు తగ్గును. 10,000 ఇటుకలు పట్టు గోడకు 7,500 చాలును. నడుమనున్న గాలి వేడిని ఆపును. 1851 నాటి లండను ఇంటి బోలు ఇటుకలకును దీనికిని సూత్రమొక్కటే. అట్లే స్లాబు క్రిందిభాగమున కాంక్రీటు బరువు మోయదు, ఇనుమే మోయును. కావున అచ్చట పాత బెంగుళూరు పెంకులను పొదిగి పోసినచో సిమెంటు మిగులును. ఇంటిమీదినుండి దించిన పెంకులకు అది మంచి వినియోగము. దీనిని లెక్క తెలిసిన ఇంజనీరు చూచుచుండగా మాత్రమే చేయింపవలయును.

ఇట్టివానిని కేవలము బొమ్మలలో గాక, కట్టిన యిండ్లుగానే చూడవలెనన్నచో హైదరాబాదు రాజేంద్రనగరమునందలి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలోని రూరల్ టెక్నాలజీ పార్కు తగిన చోటు. మట్టిదిమ్మెలతోను, ఎలుకబోను కట్టుతోను, మఱి యితర పద్ధతులతోను మాదిరి యిండ్లను అచ్చట కట్టి చూపిరి. అవి నిజముగా నేర్పుటకు పుట్టిన ప్రదర్శనములు. ఊరిపెద్దలు నలుగురు, మేస్త్రి ఒకడు కలసి పోయి చూచిరాదగినవి.

రెండవది కప్పు. పెంకు విఱిగినచో ఆ పెంకు నొక్కదానినే మార్చవచ్చును; ఇంతటి సౌలభ్యము మఱి యే కప్పునందును లేదు. స్లాబు వేసికొన్నవారు వేసవి వేడికి తాళలేక శీతలయంత్రములు కొనుచున్నారు. దానికి ముందు చేయదగిన చౌకపని యొకటి కలదు: మేడపై తెల్లని వెల్ల వేయుట. తెలుపు ఎండను వెనుకకు త్రిప్పును. తెలంగాణ ప్రభుత్వము 2023లో కూల్ రూఫ్ పాలసీ అను చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ఇట్టి పూతలనే ప్రోత్సహించినది. ప్రదర్శనములందు ఖరీదైన డబ్బాలలో అమ్ము చల్లని రంగుల గుణము కొంతవఱకు మన సున్నపు వెల్లయందును కలదు. అది ఏటేట వేయవలయును, అంతియే భేదము. కప్పుమీద సూర్యకాంతితో విద్యుత్తును పుట్టించు పలకలకు 2024లో వచ్చిన సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వఱకు కేంద్రప్రభుత్వ సహాయము ఏర్పడినది. కాని తుపాను ప్రాంతమున వానిని బిగించు చట్రము ఎంత గాలికి నిలుచునో వ్రాతమూలముగా అడిగి తీసికొనవలయును.

మూడవది రంగు. ఇంటిలో చంటిపిల్లలున్నవారు ఇచ్చట మిక్కిలి జాగ్రత్త వహింపవలయును. పూర్వము నూనెరంగులలో సీసము కలుపుచుండిరి. అది పిల్లల మెదడునకు హాని చేయును. మన దేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చి, ఇంటిరంగులలో సీసము పది లక్షల వంతులలో 90 వంతులకు మించరాదని శాసించినవి. డబ్బాపై ఆ మాట యున్నదో లేదో చూడుడు. పాత తలుపుల రంగును పొడిగా గీకి ధూళి లేపరాదు, తడిపి గీకవలయును. క్రొత్త రంగు వాసన యనునది కొన్ని రసాయనముల ఆవిరి; అది తక్కువగానుండు రంగులను అడిగి కొనవలయును. 2021 జనవరిలో ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు ఆవుపేడతో చేసిన ప్రాకృతిక రంగును వెలువరించిరి. పేడతో అలికిన గోడలలో పెరిగిన మనకు ఇది వింతగా తోచదు.

నాలుగవది చెక్కసామాను. చెక్కపొడిని జిగురుతో అదిమిన పలకలతో బీరువాలు, వంటింటి అఱలు చేసి చౌకగా అమ్ముచున్నారు. ఆ జిగురులలో పెక్కింటినుండి ఫార్మాల్డిహైడు అను వాయువు మెల్లమెల్లగా వెలువడుచుండును. అది క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధకమండలి 2004లో నిర్ణయించినది. అంతియేగాక, ఒక్కసారి వరదనీరు తగిలినచో ఆ పలక అటుకులవలె ఉబ్బును. మన ప్రాంతమున ముదిరిన కొబ్బరిచెట్టు బోదె వెలుపలిభాగము గట్టిది. బల్లలకును కిటికీలకును పనికివచ్చును. కాపు ఉడిగి కొట్టివేసిన చెట్లు మన తోటలలో కొదువ లేవు. వెదురును బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీటిలో నానవైచి ఆరబెట్టినచో పురుగు పట్టదు.

అలంకారముల మాటకు వచ్చునప్పటికి మనము పరదేశమునకు పోనక్కఱలేదు. ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱమీద లక్కను, ఆకులు గింజలనుండి తీసిన రంగులను ఎక్కించుచున్నారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. పెడన కలంకారీ తెఱలు, వసిష్ఠ కావలియొడ్డున నున్న నర్సాపురపు లేసు, తుంగచాపలు, కొబ్బరిపీచు పట్టాలు మనకు చేరువలోనివి. వీనిలో ఏది చిరిగినను చేసినవారిని అడిగి బాగుచేయించుకొనవచ్చును. ఇంతటి సంపద యుండగా, మన గడపలకు ప్లాస్టిక్కు ముగ్గులను అతికించుచున్నాము. ద్వారమునకు ప్లాస్టిక్కు మామిడాకులను కట్టుచున్నాము. వరిపిండి ముగ్గు చీమలకు ఆహారము. పచ్చి తోరణము ఎండిన పిదప ఎరువు. ప్లాస్టిక్కు తోరణము ఎండదు గాని, వెలిసి, పంటకాలువలో పడి తూమునకు అడ్డుపడును.

పాతదంతయు మంచిదని నేను చెప్పుట లేదు. తాటాకు కప్పునకు నిప్పు భయము కలదు. గవాక్షము లేని వంటింటి పొగ మన తల్లుల కన్నులను, ఊపిరితిత్తులను పాడుచేసినది. పడకగదులు చీకటిగా నుండెను. ఇవి మార్చుకొనదగినవి. ఆస్బెస్టాసు రేకుల విషయమున మఱింత జాగ్రత్త కావలయును. దాని నూలుపోగులవంటి ధూళి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకములైన వ్యాధులను తెచ్చును. అట్టి రేకులను ఱంపముతో కోయరాదు, పగులగొట్టరాదు. నీటితో తడిపి, మొత్తముగా దింపవలయును. అట్లే క్రొత్తదంతయు చెడ్డది కాదు. పాత పంకా 75 వాట్లు త్రాగును, నేటి బి.ఎల్.డి.సి. పంకాకు సుమారు 30 చాలును. దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. ఇది పలక, బలపము తీసికొని ఎవరైనను వేసికొనదగిన లెక్క.

గుర్తుల విషయమొకటి చెప్పవలయును. 1991లో మన కేంద్రప్రభుత్వము పర్యావరణమునకు హితమైన వస్తువులకు ఎకోమార్కు అను ముద్రను ఏర్పఱచి, దానికి మట్టికుండను చిహ్నముగా గ్రహించెను. మంటినుండి పుట్టి, పని ముగిసిన పిమ్మట మంటిలో కలియు వస్తువు గావున అది తగిన చిహ్నమే. ఆ నియమములను 2024లో మఱల సవరించిరి. అంగడివాడు ఆకుపచ్చని ఆకు బొమ్మను తానే అచ్చు వేయించుకొనుట వేఱు, పరీక్ష చేసి ప్రభుత్వమువారు ముద్ర వేయుట వేఱు. "ఈ గుర్తును మీకిచ్చినవారెవరు?" అని యొక్క ప్రశ్న వేయుడు, సగము ఆకులు అప్పుడే రాలిపోవును.

కడపట, ప్రదర్శనమునకు పోవువారు చేయదగిన పనులను క్రోడీకరించెదను. పోవుటకు ముందు ఇంటి కొలతలను, ఏ గోడకు చెమ్మ యెక్కుచున్నదో, ఏ గది ఎప్పుడు వేడెక్కుచున్నదో, వరదనీరు ఎంత యెత్తునకు వచ్చినదో కాగితముపై వ్రాసికొనుడు. ఒంటరిగా పోక, మీ మేస్త్రినిగాని వడ్రంగినిగాని వెంట తీసికొని పొండు. వాని చేయి వస్తువును తాకిన తోడనే తెలిసికొనును. మొదటి దినమున ఏమియు కొనకుడు, బయానా ఇయ్యకుడు. తగ్గింపు ఈ రాత్రితో సరి యని తొందరపెట్టువానిని వదలి ముందుకు నడువుడు. నచ్చిన వస్తువు తునకను అడిగి తెచ్చి, ఎనిమిది దినములు పెరటి తొట్టినీటిలో నానవైచి, ఎనిమిది దినములు ఎండలో ఉంచుడు. అప్పటికిని రూపు చెడనిదే మీ గడప దాటదగినది.

ఇల్లు పడగొట్టుటకు ఒక్క పూట చాలును. మందపు గోడను, టేకు దూలమును, మండువా చల్లదనమును మఱల సంపాదించుటకు మన తరమున ఎవరికిని శక్తి చాలదు. కావున పడగొట్టుమని పిల్లలు పంపిన బొమ్మకు బదులుగా, చెమ్మ యెక్కిన గోడ బొమ్మను, దానిని సున్నముతో బాగుచేయుటకు మేస్త్రి చెప్పిన ఖర్చును వారికి పంపుడు. లెక్క చూచిన పిమ్మట పెక్కుమంది పిల్లలు ఒప్పుకొందురని నా నమ్మకము. వారికిని ఆ యింటిమీద మమకారము లేకపోలేదు. దానిని ఎట్లు నిలుపవలయునో చెప్పువారే కఱవైరి. ఆ చెప్పుట మనవంతు.